ఏకు మేకయ్యే పని: నల్ల గొర్రె ఉన్నితో బట్టమేక పిట్ట

ఏకు మేకై కూర్చుందని ఎవరినో ఒకరిని తిట్టుకుంటూనే ఉంటాం. ఈ పనిలో మాత్రం ఏకు మేకు కాకపోతేనే బాధ. ఊదితే ఎగిరిపోయే ఉన్ని ఏకును గాట్లున్న సూదితో గంటల తరబడి పొడిచి, బొటనవేలితో నొక్కినా లొంగనంత గట్టి బొమ్మగా మార్చాలి. దీన్ని నీడిల్ ఫెల్టింగ్ అంటారు. ఫ్యాక్టరీల్లో దుప్పటి గుడ్డను అట్టకట్టించే యంత్రాల సూదుల్ని 1980లలో అమెరికాలో కొందరు చేత్తో పట్టుకుని బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. అలా పుట్టిన కళ ఇది.

వీడియోల్లో చూపించే బొమ్మలు ఎక్కువగా గుండ్రటి కళ్ల కుందేళ్లు, నక్కపిల్లలు. వాటికి దిగుమతి చేసిన మెరీనో (మెత్తటి ఉన్నిచ్చే విదేశీ గొర్రె జాతి) ఉన్ని, రంగురంగుల కిట్టు కావాలి. నాకు వాటి మీద పెద్ద మోజు లేదు. మన దక్కనీ గొర్రె ఉన్నితో, దాని సొంత రంగులతో, అది మేసిన నేల మీద బతికిన పిట్టను చేద్దాం. ఆ పిట్ట బట్టమేక, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్.

నంద్యాల జిల్లాలో, నందికొట్కూరుకు దగ్గర్లో ఉన్న రోళ్లపాడు అభయారణ్యం ఈ పిట్ట కోసమే 1988లో ఏర్పడింది. అడవి అన్నారు గానీ అది దాదాపు 6 చదరపు కిలోమీటర్ల గడ్డినేల. అక్కడిప్పుడు కృష్ణజింకలు కనబడినంత తేలిగ్గా బట్టమేక కనబడదు. నల్లపూసైపోయింది. దేశం మొత్తం మీద మిగిలినవి 200 లోపే, అందులో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో జైసల్మేర్ చుట్టుపక్కల ఉన్నాయి. గడ్డినేలల్ని మనం బీడు, బంజరు అని రికార్డుల్లో రాసుకున్నాం కాబట్టి వాటిని దున్నడానికీ, కంచె వేయడానికీ ఎవరికీ చేయి ఆగలేదు. గొల్లకురుమల మందకూ ఈ పిట్టకూ ఆధారం ఆ బీడే.

పిట్ట రంగులు కూడా మన పని తేలిక చేస్తాయి. మగదానికి నల్లటి తలపాగా లాంటి నెత్తి, తెల్లటి పొడవు మెడ, రొమ్ము మీద నల్ల పట్టీ, గోధుమరంగు వీపు. ఇవన్నీ గొర్రె మీదే దొరుకుతాయి.

ఉన్ని ఎక్కడ, ఎలా

ముందు ఒక హెచ్చరిక. ఊళ్లో కనబడిన ప్రతి గొర్రెకూ ఉన్ని ఉండదు. నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉండేవి పొట్టి వెంట్రుకలే, అవి ఈ పనికి రావు. మీకు కావాల్సింది దక్కనీ, అంటే గొంగడి నేసే నల్ల గొర్రె. మహబూబ్‌నగర్, మెదక్ వైపు ఇంకా మందలున్నాయి. బొచ్చు కత్తిరించే రోజుల్లో వెళ్లి, "అన్నా, కత్తిరించిన బొచ్చు ఏం జేస్తున్నరు?" అని అడగండి. "ఏం జేస్తం, కొనెటోడు లేడు, పారబోస్తున్నం" అనే మాట చాలాచోట్ల వినబడుతుంది. ఊరికే ఇస్తామన్నా డబ్బిచ్చే తీసుకోండి. ఒక పిట్టకు శుభ్రం చేసిన ఉన్ని 80 గ్రాములు చాలు. మట్టి, ముళ్లు, తరుగు పోను అంత మిగలాలంటే పావు కిలో తెచ్చుకోండి. నలుపు ఎక్కువగా, తెలుపు ఒక పిడికెడు ఉండాలి.

గోధుమరంగు కోసం వేరే గొర్రెను వెతకొద్దు. నల్ల ఉన్ని కుచ్చు ఒకటి తీసి వెలుతురులో పట్టుకోండి. మొదలు బొగ్గులా ఉంటుంది, కొస మాత్రం ఎండకు మాడి బెల్లం రంగుకు తిరిగి ఉంటుంది. ఆ కొసల్ని కత్తెరతో రెండు మూడు సెంటీమీటర్ల మేర కత్తిరించి వేరే కవర్లో పెట్టుకోండి. పిట్ట వీపు అదే. ఈ సంగతి తెలియక మొదటిసారి నేను టీ పొడిలో, కరక్కాయలో ఉన్ని ఉడకబెట్టి వారం రోజులు వృథా చేశాను.

షాపులో ఉన్ని పేరుతో అమ్మే దారపుండలు చాలా వరకు అక్రిలిక్, అంటే ప్లాస్టిక్. అనుమానం వస్తే ఒక పోగు కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన కంపు కొట్టి, మంట తనంతట తనే ఆరి, నలిపితే పొడైపోయే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

కడగడం దగ్గరే సగం మంది ఉన్ని పాడు చేసుకుంటారు. ఉన్ని వెంట్రుక మీద పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా పొలుసులుంటాయి. వేడి, తడి, కదలిక మూడూ కలిస్తే వెంట్రుకలు ఒకదానిలోకి ఒకటి పాకి, పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. స్వెట్టర్ వేడినీళ్లలో ఉతికితే చంటిపిల్లాడి సైజుకు వచ్చేది ఇందుకే. మనకు చివర్లో కావాల్సింది ఈ అట్టకట్టడమే, కానీ ఇప్పుడే కాదు. నేను ఒకసారి బద్ధకించి వాషింగ్ మెషీన్‌లో వేశాను. ఉన్ని కాస్తా మందపాటి దిబ్బరొట్టెలా బయటికి వచ్చింది.

పద్ధతి ఇది. దుమ్ము చాలా లేస్తుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట ఉన్నిని విదిలించండి. కుంకుడుకాయల రసం కలిపిన, చేయి ఓర్చుకునేంత వేడినీళ్ల బకెట్లో ముంచి అరగంట అలా వదిలేయండి. కలపొద్దు, పిండొద్దు, పైనుంచి కుళాయి ధార పడనివ్వొద్దు. రెండు చేతులతో ఎత్తి అంతే వేడి ఉన్న మంచినీళ్లలోకి మార్చండి. నీళ్లు తేటపడే దాకా మూడు నాలుగు సార్లు ఇలా మార్చి నీడలో ఆరబెట్టండి. దక్కనీ ఉన్నికి మెరీనోకున్నంత జిడ్డుండదు, కుంకుడే ఎక్కువ.

ఆరాక కూర్చుని ముళ్లు ఏరండి. ఉత్తరేణి గింజలు, మరులమాతంగి కాయలు, పేరు తెలియని గడ్డి ముల్లులు వస్తాయి. ఆ మంద ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పే చిట్టా అది. గడ్డి గింజలు ఒక చిన్న డబ్బాలో వేసి ఉంచండి, పీఠం దగ్గర పనికొస్తాయి.

ఇక ఏకడం. కార్డింగ్ బ్రష్‌లు కొనాల్సిన పని లేదు. కుక్కల్ని దువ్వే సన్నటి ఇనుప పళ్ల బ్రష్‌లు రెండు చాలు. ఒకదాని మీద ఉన్ని పరిచి రెండోదానితో లాగుతూ దువ్వితే పోగులు ఒకే దిక్కుకు తిరుగుతాయి. చుట్టి తీస్తే ఏకు. గోధుమరంగు ఏకుల్లో కొద్దిగా నలుపు కలపండి, కానీ పూర్తిగా కలిసిపోనివ్వొద్దు. బట్టమేక వీపు మీద సన్నటి నల్ల అలలుంటాయి. సగం కలిసిన ఏకులో ఆ గీతలు వాటంతటవే వస్తాయి.

సామాను

ఫెల్టింగ్ సూదులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మూడు పక్కల అంచులు, ఆ అంచుల మీద చిన్న చిన్న గాట్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 36 నంబరువి నాలుగు, 38వి నాలుగు, 40వి రెండు తెప్పించుకోండి. దక్కనీ ఉన్ని ముతక, ఎక్కువ పని 36తోనే. విరుగుతాయి, అందుకే అన్ని చెప్పాను.

కింద పెట్టుకునే దిండుకు స్పాంజి వాడతారు, అది నాలుగు బొమ్మలకే పొడిపొడి అవుతుంది. గోనెగుడ్డను అర అడుగు సంచీలా కుట్టి బియ్యం నింపండి, ఏళ్లు వస్తుంది. ఇవి కాక 16 గేజి జీఐ (జింకు పూత ఉన్న) తీగ రెండు మీటర్లు, కటింగ్ ప్లయర్, ముతక నూలుదారం, ఫెవికాల్, చిన్న కత్తెర, రెండు నల్లపూసలు, పీఠానికి జానెడు చెక్కముక్క తెచ్చుకోండి. బైండింగ్ తీగ చవకే గానీ వద్దు. ఉన్ని తేమ పీలుస్తుంది, వానాకాలంలో లోపల తుప్పు పట్టి తెల్ల మెడ మీద మరకలు బయటికి వస్తాయి.

ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ పాత సైకిల్ ట్యూబు ముక్క తొడుగులా వేసుకోండి. ఈ సూది గుచ్చుకుంటే మామూలు సూదిలా ఉండదు, గాట్లు మాంసాన్ని పట్టుకుని వస్తాయి. టీవీ చూస్తూ ఈ పని చేయొద్దు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

అస్థిపంజరం

అసలు పిట్ట నిలబడితే సుమారు మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో అతి బరువైన వాటిలో ఇదొకటి. మనం నాలుగో వంతు సైజులో, 25 సెంటీమీటర్ల ఎత్తులో చేద్దాం. ఒక కాగితం మీద అదే సైజులో పక్క నుంచి కనబడే గీత గీసుకోండి: కాళ్లు 8 సెం.మీ., ఒళ్లు 8, పైన మెడా తలా కలిపి 9. ఒంటి పొడవు, తోకతో కలిపి, 14. ఒళ్లు నేలకు సమాంతరంగా, మెడ నిటారుగా, ముక్కు కాస్త పైకెత్తి ఉంటాయి. ఆ ఠీవి గీతలోనే రావాలి. గీతలో కోడిలా ఉంటే బొమ్మలోనూ కోడే వస్తుంది.

45 సెం.మీ. తీగను మధ్యకు మడిచి పురిపెట్టండి. ఇది తల నుంచి తోక దాకా వెన్ను. కాళ్లకు 60 సెం.మీ. తీగ తీసుకుని, దాని మధ్యభాగాన్ని వెన్ను నడుమ రెండు చుట్లు బిగించి రెండు పక్కలా కిందికి దించండి. చివర్లో పాదం. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. అలవాటుగా ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి పెట్టేస్తారు. బట్టమేకకు వెనక వేలు లేదు. కొమ్మను పట్టుకునే పని దానికి లేదు, చెట్టెక్కదు, నడక మీదే బతుకు. ముందుకు మూడే, పొట్టిగా, బలంగా ఉండాలి. ఒక్కో వేలికి రెండు సెం.మీ. తీగను వెనక్కి మడిచి పురిపెట్టండి, అప్పుడు కొస గుచ్చుకోదు. మిగిలిన తీగను రెండు సెం.మీ. మేకులా నేరుగా కిందికి వదలండి, పీఠంలో దిగేది అదే.

నున్నటి తీగ మీద ఉన్ని నిలవదు, జారుతూ తిరుగుతూ విసిగిస్తుంది. తీగంతా పలచగా ఫెవికాల్ రాసి నూలుదారం దగ్గరగా చుట్టి ఒక పూట ఆరనివ్వండి.

పొడవడం

ఒంటి లోపలికి మంచి ఉన్ని వాడొద్దు. ఏకేటప్పుడు మిగిలిన ముతక తుక్కు, పొట్టి పోగులు అక్కడ వేయండి. పిడికెడు తీసుకుని వెన్ను చుట్టూ చుట్ట చుట్టినట్టు బిగించి చుట్టండి. సగం పని ఈ బిగువులోనే అవుతుంది. వదులుగా చుట్టి తర్వాత సూదితో గట్టిపరుద్దాంలే అనుకుంటే రెండింతల సమయం పడుతుంది.

ఇప్పుడు 36 నంబరు సూది. ఏ కోణంలో దించారో అదే కోణంలో పైకి తీయాలి. లోపల ఉండగా పక్కకు వంచారా, టప్పున విరుగుతుంది. మొదట్లో లోతుగా, మధ్యదాకా దించండి. గట్టిపడేకొద్దీ లోతు తగ్గిస్తూ చివరికి అర సెంటీమీటరుకు తేవాలి. ఒకే చోట పొడవకుండా బొమ్మను తిప్పుతూ ఉండండి, పొడిచిన చోటల్లా లోపలికి కుంగుతుంది. ఆకారం తెచ్చేది కూడా ఈ కుంగుడే: మెడ మొదట్లో గుంట కావాలంటే అక్కడ ఎక్కువ పొడవాలి, రొమ్ము ఉబ్బు కావాలంటే అక్కడ ఇంకో పొర వేయాలి. తీగ దగ్గరికి వచ్చినప్పుడు సూదిని ఏటవాలుగా పెట్టండి.

చెవి పెట్టి వినండి. పోగులు ఇంకా పట్టుకుంటుంటే సూది దిగినప్పుడల్లా కరకరమని సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తగ్గి సూది బరువుగా దిగుతుంటే ఆ పొర అయినట్టు, పైన ఇంకో పొర వేయొచ్చు. ఒంటికి మూడు నాలుగు పొరలు పడతాయి. రోజుకు రెండు గంటలకు మించి కూర్చోవద్దు, మణికట్టు పట్టేస్తుంది. మొత్తం పిట్టకు నాకు 15 గంటల దాకా పడుతుంది, మొదటిసారి మీకు ఇంకా ఎక్కువ పట్టొచ్చు.

సూది విరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది. పోతేపోయిందని వదలొద్దు, రేపు ఏ పిల్లాడో పట్టుకుంటాడు. నా రెండో పిట్ట రొమ్ములో ముక్క విరిగినప్పుడు గంటసేపు వేళ్లతో నొక్కి నొక్కి చూసినా దొరకలేదు. చివరికి పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని రొమ్ము మీద మెల్లగా జరిపితే ఒక చోట ఉన్ని పైకి ముల్లులా లేచింది. ప్లయర్‌తో పట్టి లాగాను.

మెడకు తెల్ల ఏకును సన్నటి పట్టీలుగా చీల్చి కింది నుంచి పైకి చుట్టండి. బొమ్మలో అందరూ మెడను మరీ లావు చేస్తారు. బొటనవేలి మందం దాటనివ్వొద్దు. తొడలు చిన్న కోడిగుడ్డు సైజులో విడిగా చేసి కాళ్ల తీగ మీద అతికించి పొడవండి. కాళ్లకు తెల్ల ఉన్నిని టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టి వాడితే ఆ పాలిపోయిన పసుపు వస్తుంది.

ఈకలు

ఇప్పుడు గోధుమరంగు ఏకులు. వీపు మీద తోక వైపు నుంచి మొదలుపెట్టి మెడ వైపుగా, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేలా చిన్న చిన్న కుచ్చులు పరచండి. ప్రతి కుచ్చుకూ ముందు అంచును మాత్రమే 38 సూదితో పొడిచి, వెనక కొసను వదిలేయండి. మెరీనోతో చేస్తే ఇక్కడ నున్నగా, గుడ్డ బొమ్మలా వస్తుంది. దక్కనీ ఉన్నిలో అక్కడక్కడా బిరుసు వెంట్రుకలు పొడుచుకు వస్తాయి. కొత్తలో నేను వాటిని ఒక్కొక్కటే పీకేసేదాన్ని, పీకినకొద్దీ పిట్ట బోసిపోయేది. ఇప్పుడు మరీ నిక్కినవాటిని కత్తెరతో తగ్గిస్తాను, మిగతావి ఈకలే.

రెక్కలు విడిగా చేయండి. గోనె దిండు మీద గోధుమరంగు ఉన్నిని ఆకు ఆకారంలో పరిచి, రెండు వైపులా తిప్పుతూ పలకలా పొడవండి. కింది అంచున నలుపు, ఆ నలుపులో తెల్ల చుక్కలు. చుక్క అంటే రెండు మూడు పోగులే, వేళ్ల మధ్య ఆవగింజంత ఉండలా నలిపి 40 సూదితో దించాలి. రెక్కను పై అంచు దగ్గర మాత్రమే ఒంటికి కలపండి.

తల గోళీకాయ కంటే కొంచెం పెద్దది, అంతే. నెత్తి మీద నలుపు కంటికి పైన మొదలై వెనక చిన్న కుచ్చుగా తేలాలి. ముక్కుకు బూడిదరంగు ఉన్నిని అగ్గిపుల్ల మీద చుట్టి గట్టిగా పొడిచి, పుల్ల లాగేసి తలకు అతకండి. రొమ్ము మీద నల్ల పట్టీ వేలెడు వెడల్పుంటే ఎక్కువే.

కంటికి నల్లపూస. పెద్దది పెట్టాలన్న కోరిక అందరికీ వస్తుంది, ముద్దుగా ఉంటుందని. పెట్టొద్దు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండాలి, ముందు నుంచి చూస్తే సరిగా కనబడకూడదు. అసలు పిట్టకు ఎదురుగా చూపు తక్కువ, పక్కలే బాగా చూస్తుంది. అంత బరువైన పిట్ట ఎగురుతూ కరెంటు తీగ ఎదురైతే సమయానికి చూసుకోలేదు, చూసినా టక్కున పక్కకు తిరగలేదు. ఈ రోజు బట్టమేకల చావులకు పెద్ద కారణాల్లో ఆ తీగలొకటి. కాబట్టి కళ్లు ఎక్కడ పెడుతున్నారో చూసి పెట్టండి. పూసను దారంతో తల లోంచి అటూ ఇటూ కుట్టి బిగిస్తే గుంటలో కూర్చుంటుంది.

గడ్డినేల

పీఠానికి సూది వద్దు, నీళ్లు కావాలి. ఇప్పుడు మెషీన్‌లో జరిగిన పొరపాటును కావాలనే చేస్తాం. పాత ఈతచాప ముక్క మీద ఉన్నిని పలచగా 30 సెం.మీ. చదరంగా పరచండి. మొదటి పొర నిలువు, రెండోది అడ్డం, మూడోది మళ్లీ నిలువు. పైన పాత దోమతెర ముక్క కప్పి, వేడి కుంకుడు నీళ్లు చల్లి, అరచేతులతో మెల్లగా పది నిమిషాలు రుద్దండి. వేళ్లతో గిల్లితే పోగులు విడిగా లేవకపోతే దోమతెర తీసి, చాపతో సహా చుట్టి ముందుకూ వెనక్కూ దొర్లించండి. యాభై సార్లకొకసారి విప్పి, పావు వంతు తిప్పి మళ్లీ చుట్టాలి. కశ్మీరులో నమ్దా తివాచీలు చేసేదీ ఈ పద్ధతిలోనే. మన గొంగడి నేసేది, ఇది నేయనిది. దక్కనీ మొండి ఉన్ని, మెరీనో కంటే చాలాసేపు తీసుకుంటుంది, ఓపిక పట్టండి. చదరం 20 సెంటీమీటర్లకు ముడుచుకుంటే ఆపండి.

ఆరాక చెక్కకు అతికించి, కాళ్ల మేకులకు రెండు రంధ్రాలు చేసి పిట్టను దించండి. ఒళ్లు ముందుకు వాలుతుంటే కాళ్లను తొడ దగ్గర కొంచెం ముందుకు వంచితే బరువు సర్దుకుంటుంది. ఇందాక దాచిన గింజలు, ఎండుగడ్డి పోచలు అక్కడక్కడా గుచ్చండి. పచ్చ రంగు వేయొద్దు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ నేల రంగు ఎండుగడ్డి రంగే.

చిమ్మటలకు ఉన్నంటే విందు. గాజుపెట్టెలో ఎండిన వేపాకు వేసి పెట్టి, ఆకు వాసన పోగానే మార్చండి. పురుగు పట్టిందని అనుమానమొస్తే బొమ్మను కవర్లో మూటకట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఫ్రీజర్ తెరిచినవాళ్లు హడలిపోతారు.

ఇంకా గుప్పెడు ఉన్ని మిగిలి ఉంటుంది. గోధుమ, నలుపు కలిపి రెండు సెంటీమీటర్ల పొడవు గుడ్డు ఒకటి చేసి, గూడు గీడు లేకుండా వట్టి నేల మీద, పిట్ట కాళ్లకు కొంచెం దూరంగా పెట్టండి. రెండోది చేయాలనిపిస్తుంది, ఉన్ని కూడా సరిపోతుంది. చేయొద్దు. బట్టమేక ఒక కాన్పుకు సాధారణంగా పెట్టేది ఒక్కటే గుడ్డు.